ఒక చిప్పు అధికారిక మరణం

బందరు గాలికి తడి ఎక్కువ. వేయించిన అప్పడం విస్తట్లోకి వచ్చేలోగా మెత్తబడుతుంది. డబ్బాలో ఉప్పు ముద్ద కడుతుంది. ఆరేసిన చీరను ఇంట్లో ఇద్దరు ముగ్గురు పట్టి చూసి, ఆరిందనే అనుకుని కట్టుకుంటారు. నైలాను చొక్కా విప్పేటప్పుడు చిటపటమంటుందే, ఆ స్థిరవిద్యుత్తు పొడి గాలిలోనే పుడుతుందని పిల్లల సైన్సు పుస్తకాల్లో కూడా ఉంటుంది. అలాంటి బందరులో స్థిరవిద్యుత్తు మీద ఒక ప్రభుత్వ కార్యాలయం యుద్ధం ప్రకటించింది.

ఆ కార్యాలయం పేరు జిల్లా అభిరుచి ఎలక్ట్రానిక్స్ ప్రోత్సాహక కేంద్రం. బస్టాండు ఎదురుగా, పాత ఎరువుల గోడౌను పై అంతస్తులో ఉండేది. సర్క్యూట్లు కట్టాలని సరదా ఉన్నవాళ్ళు ఎవరైనా ఆదివారం నాడు వచ్చి నేర్చుకోవచ్చు. నేర్పే మనిషి వైజయంతి. కాంట్రాక్టు ఉద్యోగం, ముప్పై దాటిన వయసు, చేతిలో ఎప్పుడూ వైర్లు అతికే సోల్డరింగ్ ఇనుము. ఏదైనా పరికరం పనిచెయ్యడం మానేసిందంటే ఆమె ముఖం వెలిగిపోయేది. ఎందుకు మానేసిందో కనుక్కునేదాకా కాఫీ కూడా ముట్టేది కాదు.

ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళలో కొక్కిలిగడ్డ సువార్తమ్మ ఒకరు. యాభై ఏళ్ళ మనిషి. పోర్టు రోడ్డు దాటాక ఆమెకు ఒక రొయ్యల చెరువు ఉంది. భర్త బోటెక్కి వేటకు వెళ్తే ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలియాలి, కనుక చెరువు భారమంతా ఆమెదే. రొయ్యల చెరువులో ఏరియేటర్లని ఉంటాయి. పెద్ద చక్రాలు నీళ్ళను చిలుకుతూ గాలి అందిస్తాయి. అవి ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. కిందటి పంటలో ఆమె చర్చిలో ప్రార్థనకు కూర్చున్నప్పుడు కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి చెరువంతా తెల్లగా తేలిపోయిన రొయ్యలు. అందుకని ఏరియేటరు ఆగిన వెంటనే కూత పెట్టే బ్యాటరీ పెట్టె ఒకటి తనే తయారు చేసుకోవాలని కేంద్రంలో చేరింది.

ఆ పెట్టెకు మెదడు ఒక చిన్న చిప్పు. నల్లగా, బొద్దింకంత, రెండు పక్కలా కాళ్ళు. ఏం చెయ్యాలో కంప్యూటరులో రాసి దానికి ఎక్కించాలి. పని చాలావరకు అయింది. ఒక ఆదివారం చివరి సర్దుబాట్లు చేస్తుండగా చిప్పు మాట్లాడటం మానేసింది. కంప్యూటరు పిలుస్తుంది, అది పలకదు.

"నేనేం చేశానని టీచరమ్మా? ఆ గడిలో ఒక టిక్కు పెట్టానంతే గదా" అంది సువార్తమ్మ, చేతులు వెనక్కి దాచుకుంటూ.

వైజయంతి తెర వంక చూసి నవ్వేసింది. "ఏం కాలేదు పిన్నిగారూ. దీని లోపల సొంతంగా ఒక గడియారం ఉంటుంది. అది టిక్కుటిక్కుమంటుంటే దాని లెక్కన ఇది పని చేసుకుపోతుంది. మీరు పెట్టిన టిక్కుకి అర్థం ఏంటంటే, నీ గడియారం ఆపెయ్, బయట వేరే గడియారం పెడతాం, దాని ప్రకారం నడువ్ అని. మనం బయట ఏమీ పెట్టలేదుగా! పాపం, బయటివాళ్ళు ఎప్పుడు కొడతారా అని చెవులు రిక్కించుకుని కూర్చుంది."

"అయితే చావలేదంటావ్."

"చావడమేంటి! ఇంకో చిప్పుతో దీనికి టిక్కుటిక్కు అందిస్తే లేస్తుంది. లేవగానే ఆ టిక్కు తీసేద్దాం. రేపు వైర్లు తెస్తాను, చిటికెలో పని."

సువార్తమ్మ ఊపిరి పీల్చుకుంది. కథ ఇక్కడ ఆగిపోవలసింది. కానీ పక్క బల్ల దగ్గర సూపరింటెండెంటు భుజంగరావు ఉన్నాడు. మంచివాడు. ఒక్కటే బాధ, ఆయన అధీనంలోని ప్రభుత్వ వస్తువు ఏదైనా కదలడం మానేస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఆ మర్నాడు పొద్దున్నే జాయింట్ డైరెక్టరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

జాయింట్ డైరెక్టరు చక్రధరరావు ఆ వారమే ఒక కొండ ఊళ్ళో భద్రతా సంస్కృతి మీద శిక్షణ ముగించుకుని వచ్చాడు. ప్రతి ప్రమాదమూ ఒక అవకాశం అని అక్కడ ఆయనకు నేర్పారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఒక ప్రమాదం కోసం ఎదురుచూస్తున్నాడు.

"సార్, ఒక చిప్పు పలకడం లేదు సార్" అన్నాడు భుజంగరావు.

"కారణం?"

"కాన్ఫిగరేషనట సార్. లోపలి గడియారం, బయటి గడియారం, టిక్కు పెట్టడం వల్ల..."

"భుజంగరావుగారూ, నన్ను గడియారాల కొట్టుకు తీసుకెళ్ళకండి. కారణం ఒక్క మాటలో చెప్పండి."

భుజంగరావుకు చిప్పులొచ్చిన డబ్బా గుర్తొచ్చింది. దాని మీద పసుపుపచ్చ కాగితం, కాగితం మీద ఒక చెయ్యి బొమ్మ, చెయ్యి మీద అడ్డగీత ఉంటాయి.

"స్థిరవిద్యుత్తు సార్" అన్నాడు.

చక్రధరరావు కుర్చీలోంచి లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి బస్టాండు వంక చాలాసేపు చూశాడు.

"ఇన్నాళ్ళూ మన మధ్యనే తిరుగుతోందన్నమాట" అన్నాడు. "కనిపిస్తుందా?"

"కనిపించదు సార్."

"అదే దాని ప్రమాదం."

సాయంత్రం వైజయంతి వైర్లు పట్టుకుని వచ్చేసరికి చిప్పు గాజుపెట్టెలో ఉంది. పెట్టెకు నల్ల రిబ్బను కట్టి ఉంది. సువార్తమ్మ కూత పెట్టెను కూడా సాక్ష్యం కింద జప్తు చేసి సీలు వేశారు. వైజయంతి తిన్నగా జాయింట్ డైరెక్టరు గదికి వెళ్ళింది.

"సార్, అది చావలేదు. కాస్త నా చేతికివ్వండి, మీ కళ్ళముందే లేపి చూపిస్తాను."

"వైజయంతీ, మరణం ధ్రువీకరించి నేను సంతకం చేశానమ్మా. ధ్రువీకరణ అయిన తరవాత లేపడానికి మన శాఖలో ప్రొసీజర్ లేదు."

"స్థిరవిద్యుత్తు వల్ల చిప్పులు పాడవడం నిజమే సార్, కాదనను. కానీ పొడి ఊళ్ళలో, చలికాలంలో. ఇక్కడ చూడండి, నా ముంజేతి మీంచి చెమట కారుతోంది. బందరులో ఆ ప్రమాదం చాలా తక్కువ."

"తక్కువ అంటే ఉందనే కదా అర్థం" అన్నాడు చక్రధరరావు. ఆయన ముఖంలో తండ్రి ప్రేమ లాంటిది కనిపించింది. "మీలాంటి నిపుణులే ఉందని ఒప్పుకున్నాక ఉపేక్షించడం నేరమవుతుంది."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మానవ శరీరము ఒక విద్యుదాగారమై యున్నందున, కార్యాలయ ఆవరణములో ప్రవేశించు ప్రతి శరీరమును భూమితో అనుసంధానించుట విధాయకమని ఆదేశించడమైనది.' దీనికి స్థిరవిద్యుత్ నిరోధక మహోద్యమం అని పేరు పెట్టారు.

ముంజేతికి ఒక పట్టీ, పట్టీకి ఒక వైరు, వైరు రెండో కొస నేలలో. చిప్పులతో పని చేసేవాళ్ళకు ఇది మంచి అలవాటే, వైజయంతి కూడా అభ్యంతరం చెప్పలేదు. అయితే చిప్పు ముఖం చూడని టైపిస్టుకీ, టీ తెచ్చే మనిషికీ, జీపు డ్రైవరుకీ కూడా పట్టీ తప్పనిసరి చేశారు. జీపు బయల్దేరినప్పుడు డ్రైవరు వైరు విప్పడం మర్చిపోయి గుమ్మం పక్క పూలకుండీని ఈడ్చుకుంటూ కలెక్టరాఫీసు దాకా వెళ్ళాడు.

పట్టీలకు హోదా ప్రశ్న వచ్చింది. గెజిటెడ్ అధికారికీ అటెండరుకీ ఒకే రకం పట్టీ ఏమిటని అధికారుల సంఘం నొచ్చుకుంది. చిలకలపూడి రోల్డుగోల్డు పనివాళ్ళకు పురమాయించి అధికారులకు బంగారు పూత కంకణాలు, మిగతావాళ్ళకు ఇత్తడివి చేయించారు. చక్రధరరావు కంకణం మీద చిన్న నెమలి కూడా ఉండేది.

వైజయంతికి అక్కడ నిజమైన భయం వేసింది. ఒంటిని నేరుగా భూమికి కడితే, పొరపాటున కరెంటు తీగ తగిలినప్పుడు మనిషి పోతాడు. అందుకే ప్రతి పట్టీ వైరులోనూ కరెంటును అడ్డగించే నిరోధకం ఒకటి పెట్టాలి. ఆ మాటే భుజంగరావుతో చెప్పింది.

"ఉద్యమం పేరులోనే నిరోధక అని ఉంది గదమ్మా" అన్నాడాయన. "మళ్ళీ వైరులో ఇంకోటెందుకు? రెండుసార్లు ఖర్చు పెట్టారని ఆడిట్లో రాస్తారు."

ఆమె సొంత డబ్బాలోంచి నిరోధకాలు తీసి, భోజనాల వేళ అందరూ బయటికెళ్ళినప్పుడు ఒక్కొక్క వైరు కోసి అతికించుకుంటూ పోయింది. ఆ ఉద్యమం మొత్తంలో ఎవరికైనా పనికొచ్చిన పని అదొక్కటే. అది జరిగినట్టు ఎవరికీ తెలియదు.

తరవాత కార్యాలయంలోకి వచ్చేవాళ్ళు ఒంట్లోని విద్యుత్తును ముందుగా వదిలించుకోవడానికి మెట్ల కింద ఒక ఇనుప కడ్డీ పాతించి, చుట్టూ తడికె కట్టించారు. పేరు స్థిరవిద్యుత్ విసర్జన కేంద్రం. బోర్డు రాసిన ఆర్టిస్టు చోటు చాలక స్థిరవిద్యుత్ అన్న ముక్కను పైన సన్నగా ఇరికించి, మిగతాది మనిషెత్తు అక్షరాలతో రాశాడు. బస్టాండు ఎదురుగా కదా, అవనిగడ్డ బస్సు దిగినవాళ్ళు దిగినట్టే అటు పరుగెత్తేవారు. కాపలా పెట్టిన మనిషి "కడ్డీ ముట్టుకుని వెళ్ళిపోవాలండీ, అంతే" అని ఎంత మొత్తుకున్నా, కడుపు పట్టుకుని వచ్చినవాడికి ఆ సలహా రుచించేది కాదు. వారం తిరక్కుండా జనం వాడకాన్ని చూపించి, విసర్జన కేంద్రానికి విశేష స్పందన అని చక్రధరరావు పై అధికారులకు నివేదిక పంపాడు.

దువ్వెనలు నిషేధించారు. నైలాను, పాలిస్టరు చీరలు నిషేధించారు. టైపిస్టు అమ్మాయి రోజూ కట్టుకునే చీరలన్నీ పాలిస్టరువే కావడంతో ఆమె పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని వచ్చి, పట్టు కూడా విద్యుత్తు పుట్టిస్తుందని గుమ్మంలోనే వెనక్కి పంపబడి, చివరికి అమ్మమ్మ నేతచీర కట్టుకుని పనిలోకి వచ్చింది.

ఇంతలో సువార్తమ్మ పరిస్థితి ఏమీ బాగాలేదు. కూత పెట్టె జప్తులో ఉంది. చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని చక్రాల వంక చూస్తూ కూర్చోవడమే ఆమె పని. కూరలకు పోలేదు, చర్చికి పోలేదు. సొంత మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్ళలేకపోయింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. రెండు వారాలకోసారి పక్క చెరువువాళ్ళను బతిమాలి కాపలా పెట్టి, కేంద్రానికి వచ్చి, గుమ్మంలో కంకణం కట్టించుకుని, భుజంగరావు ముందు నిలబడేది.

"అయ్యా, నా పెట్టె నాకిచ్చెయ్యండి. రొయ్య సైజుకొచ్చింది. ఇప్పుడు గాని చక్రం ఆగిందంటే నేను బతకను."

"సాక్ష్యం అమ్మా అది. విచారణ అయ్యేదాకా ఇవ్వడానికి లేదు."

"విచారణ ఎప్పుడు?"

"కమిటీ వెయ్యాలి."

"కమిటీ ఎప్పుడు?"

భుజంగరావు ఆమెకు టీ తెప్పించాడు.

కమిటీ రాజధాని నుంచి వచ్చింది. సభ్యులు గాజుపెట్టెలోని చిప్పుకు ఒక నిమిషం మౌనం పాటించి, బీరువాలోని మిగతా చిప్పులను పరీక్షించారు. సముద్రపు గాలికి వాటి కాళ్ళు మసకబారాయి. స్థిరవిద్యుత్తు ఒక్కటే కాదు, తేమ కూడా చిప్పులకు శత్రువే అని కమిటీ తేల్చింది. గది కిటికీలకు సీలు వేసి రెండు ఏసీలు, గాలిలో తడి పీల్చేసే యంత్రం ఒకటి పెట్టించారు. నేల మీద ధూళి లేవకుండా గోడ నుంచి గోడ దాకా మందపాటి ఉన్ని తివాచీ పరిపించారు. నేలలో పట్టీల వైర్లు తగిలించే చోట్లన్నీ దాని కిందికి పోయాయి.

యంత్రం నడవడం మొదలుపెట్టిన మూడో నాడు చక్రధరరావు తివాచీ మీద నాలుగడుగులు వేసి, తలుపు ఇత్తడి పిడి పట్టుకోబోయాడు. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని ఆయన కాసేపు వేలి కొస వంక చూసుకున్నాడు. తరవాత చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"భుజంగరావుగారూ! రండి, రండి. వచ్చేసింది!"

"ఎవరు సార్?"

"స్థిరవిద్యుత్తు! నా వేలు చూడండి. ఉద్యమం లేకపోయి ఉంటే ఇంకెంత ఉండేదో ఊహించండి."

ఆ రోజు నుంచి గదిలోకి వెళ్ళినవాళ్ళందరికీ చురుక్కుమనడం మొదలైంది. భుజంగరావుకు బీరువా తాళం తీసినప్పుడల్లా, టైపిస్టుకు స్టేప్లరు పట్టుకున్నప్పుడల్లా. ముప్పు పెరుగుతోందని చక్రధరరావు మూడో ఏసీ పెట్టించాడు. ముప్పు ఇంకా పెరిగింది.

వైజయంతి ఇక ఊరుకోలేకపోయింది. "సార్, కోప్పడకుండా వినండి. గదిని మనమే ఎండబెట్టాం. ఉన్ని తివాచీ మనమే పరిచాం. ఆ గదిలోనే చిప్పులు పెట్టాం. బందరులో ఎప్పుడూ లేని ప్రమాదాన్ని మనమే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాం. కిటికీలు తెరిపించండి, అన్నీ సర్దుకుంటాయి."

"ప్రమాదం ఇప్పుడుందని మీరే అంటున్నారు."

"ఇప్పుడుంది సార్."

"మరి మొదట్లో తక్కువ అన్నారే!" చక్రధరరావు ఆమె వంక జాలిగా చూశాడు. "ఎవరి ముందుచూపు నిజమైందో మీరే ఆలోచించుకోండమ్మా."

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. కోపం కూడా రాలేదు, ఒకటే నీరసం. పాడైన పరికరం ఏదైనా సరే, ఎక్కడ తప్పుందో చూపిస్తే బాగుపడుతుందని ఆమె అంతదాకా నమ్మింది.

నెల తిరిగేసరికి చిప్పులకు అతి పెద్ద ముప్పు మానవ స్పర్శ అని తేలింది. శిక్షణ ఆపలేదు, ఆపితే ప్రోత్సాహక కేంద్రం అన్న పేరు చెడిపోతుంది. చిప్పులు లేకుండా శిక్షణ ఇమ్మన్నారు. సభ్యులు గాజు అవతలినుంచి చిప్పులను దర్శనం చేసుకుని, కొయ్యతో చెక్కించిన నమూనాలకు వైర్లు తగిలించడం నేర్చుకునేవారు. కొయ్య చిప్పులు ఏ తప్పూ చెయ్యవు కనుక వైజయంతికి సరిదిద్దే పని కూడా లేకుండా పోయింది.

సువార్తమ్మ చిప్పును అప్పుడు కాపాడింది ప్రభుత్వమే. కొత్తగా వచ్చిన ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది. 'మరణించిన చిప్పును, తత్సంబంధిత శకలములను, మరణమునకు బాధ్యులైన వ్యక్తికి అప్పగించి, సదరు వ్యక్తి సొంత బాధ్యతపై తొలగింపజేయవలెను.' చచ్చిన చిప్పు ఉన్న గదిలో బతికున్నవి ఉండటం మంచిది కాదని ఎవరో సలహా ఇచ్చారట. సువార్తమ్మకు కబురు పంపారు. ఆమె సంతకం పెట్టి, రిబ్బనుతో సహా చిప్పునూ, కూత పెట్టెనూ చీర కొంగులో చుట్టుకుని, ఆటో ఎక్కి, దారిలో వైజయంతిని ఇంటి దగ్గర ఎక్కించుకుంది.

చెరువు గట్టు మీద మోటారు షెడ్డు ఉంది. పైన రేకులు, కింద తడి మట్టి. వైజయంతి చెప్పులు విడిచి మట్టిలో నిలబడి, మేత బస్తా మీద బోర్డు పెట్టి, ఇంట్లో ఉన్న తన సొంత చిప్పు ఒకటి తీసి దానితో ఈ చిప్పుకు టిక్కుటిక్కు అందించింది. కంప్యూటరు పిలిచింది. చిప్పు పలికింది.

"అయ్యో నా తల్లీ, అలా వెంటనే పలికిందే!" అంది సువార్తమ్మ.

"ఇన్నాళ్ళూ పలకడానికే చూస్తోంది పిన్నిగారూ, పిలిచే దిక్కు లేక" అంది వైజయంతి. తప్పు టిక్కు తీసేసింది. చిప్పు తన గడియారంతో తను నడవడం మొదలుపెట్టింది. ఒక చక్రం స్విచ్చి ఆపి చూశారు. పెట్టె కూత పెట్టింది. గట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. సువార్తమ్మ నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ఆ మర్నాడే కూరలకు వెళ్ళింది, మేనకోడలి ఇంటికి వెళ్ళింది, చర్చిలో ముందు వరసలో కూర్చుంది. పెట్టె చెరువు దగ్గర కూత పెట్టడమే కాక, పక్క చెరువువాళ్ళకు వినిపించేంత గట్టిగా పెడుతుంది గనుక ఆమెకు ధైర్యం.

ఆ సంగతి ఒక విలేకరి చెవిన పడింది. జిల్లా పేజీలో 'చచ్చిన చిప్పు, బతికిన రొయ్యలు' అని వచ్చింది. ఆ ఉదయం చక్రధరరావు పేపరు చదివి, మూత పెట్టకుండా కలాన్ని జేబులో పెట్టుకున్నాడు. చొక్కాకు సిరా మరక పడినా గమనించలేదు.

విచారణ చెరువు గట్టు మీదే పెట్టారు. జీపు దిగిన చక్రధరరావు బంగారు కంకణం వైరును భుజంగరావు ఒక మేకుకు చుట్టి, గట్టులో సుత్తితో దిగ్గొట్టాడు. కుర్చీలు వేశారు. వైజయంతిని ఒక పక్క, సువార్తమ్మను ఒక పక్క నిలబెట్టారు.

"సువార్తమ్మగారూ, ఈ చిప్పు బతికి ఉందని మీరు అంగీకరిస్తున్నారా?"

"మీరు చెప్పండయ్యా, ఏమనమంటారో."

"నిజం చెప్పండి. బతికి ఉంటే అది ప్రభుత్వ ఆస్తి. మీ దగ్గర ఉండకూడదు. తిరిగి స్వాధీనం చేసుకోవలసి వస్తుంది."

సువార్తమ్మ షెడ్డులోని పెట్టె వంక చూసింది. వైజయంతి వంక చూసింది. వైజయంతి ముందుకొచ్చింది.

"సార్, బతికి ఉంటే మొదట చావనట్టే కదా?"

"అంటే?"

"అది చావకపోతే, దాని చావు మీద పెట్టిన ఉద్యమం ఎందుకు పెట్టామని పైవాళ్ళు అడుగుతారేమోనని. ఏసీలు, తివాచీ, కంకణాలు..."

చక్రధరరావు కుర్చీలో కొద్దిగా కదిలాడు. భుజంగరావు ఆకాశం వంక చూశాడు. అంతసేపూ చెరువులో చక్రాలు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అది ఉన్నట్టుండి ఆగిపోయింది. కరెంటు పోయింది. మరుక్షణం షెడ్డులోంచి కూత లేచింది, చెవులు చిల్లులు పడేలా.

"జనరేటరు!" అని అరిచి సువార్తమ్మ పరుగెత్తింది. వెనకాల వైజయంతి. ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా చక్రధరరావు కూడా లేచి పరుగెత్తబోయాడు. వైరు నిడివి అయిపోగానే మేకు ఆయన్ని వెనక్కి గుంజింది, ఆయన గట్టు మీది బురదలో మెల్లగా కూర్చున్నాడు. షెడ్డులో డీజిలు జనరేటరు మొరాయించింది. ఆడవాళ్ళిద్దరి బలానికి హ్యాండిలు తిరగలేదు. భుజంగరావు చూస్తూ చూస్తూ ఉండలేక తన ఇత్తడి కంకణం ఊడబెరికి, చొక్కా చేతులు మడిచి, హ్యాండిలు పట్టుకుని రెండు తిప్పులు తిప్పాడు. జనరేటరు దడదడమంది. చక్రాలు కదిలాయి. కూత ఆగింది.

సువార్తమ్మ గట్టు అంచున వంగి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి, ఒక రొయ్యను పైకి తీసి చూసింది. అది ఆమె చేతిలోంచి ఎగిరి మళ్ళీ నీళ్ళలో పడింది.

"బాగున్నాయ్" అంది. "అన్నీ బాగున్నాయ్."

భుజంగరావు రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ఆయన ముఖం అంత సంతోషంగా ఉండటం కార్యాలయంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

చక్రధరరావు బురద దులుపుకుని కుర్చీలో కూర్చున్నాడు. తీర్పు చెప్పాడు. "సదరు చిప్పు మరణించిన మాట యథాతథము. ఇప్పుడు వినవచ్చిన ధ్వని, మరణానంతరము పరికరములో మిగిలిన అవశేష కూతగా పరిగణించడమైనది. అవశేష కూతపై శాఖకు ఎట్టి హక్కులు లేవు."

"అంటే పెట్టె నాదేనా అయ్యా?" అంది సువార్తమ్మ.

"కూసినన్నాళ్ళు ఉంచుకోండి."

ఆ తీర్పులో సువార్తమ్మ గెలిచింది గానీ వైజయంతి గెలవలేదు. చచ్చిన చిప్పుతో పని చేయించడం శాఖ క్రమశిక్షణకు విరుద్ధమని, పైగా కొయ్య చిప్పులకు శిక్షకురాలు అవసరం లేదని ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. చివరి రోజు ఆమె బల్ల సొరుగులోంచి తన సామానంతా డబ్బాలో సర్దుకుంది. గాజు అవతల చలిలో, చీకట్లో వరసగా పేర్చిన చిప్పుల వంక చూసింది. వాటికేమీ కాకుండా ఉంటే బాగుండుననిపించింది. మెట్లు దిగేటప్పుడు భుజంగరావు కింద దాకా వచ్చి, ఆమె డబ్బా ఆటోలో పెట్టి, ఆటో కదిలేదాకా నిలబడ్డాడు.

తరవాతి ఆదివారం సువార్తమ్మ షెడ్డులో చుట్టుపక్కల చెరువులవాళ్ళు మేత బస్తాల మీద కూర్చుని ఉన్నారు. అందరికీ కూత పెట్టెలు కావాలి. వైజయంతి కాళ్ళు మట్టిలో పెట్టుకుని మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి గంటలోనే ఇద్దరు తప్పు టిక్కులు పెట్టారు. ఆమె ముఖం మళ్ళీ వెలిగింది.

ఆ ఏడాది చివర్లో జిల్లా అభిరుచి ఎలక్ట్రానిక్స్ ప్రోత్సాహక కేంద్రానికి రాష్ట్రస్థాయి భద్రతా పురస్కారం వచ్చింది. ఉద్యమం మొదలైన దగ్గర్నుంచీ ఒక్క చిప్పు కూడా మరణించలేదన్నది అర్హత. సభ చిప్పుల గదిలోనే జరిగింది. ఊళ్ళో పెద్దలతోపాటు మాజీ శిక్షకురాలి హోదాలో వైజయంతిని, మాజీ బాధ్యురాలి హోదాలో సువార్తమ్మను పిలిచారు. ఇద్దరూ వెనక వరసలో, ఏసీ చలికి కొంగులు కప్పుకుని కూర్చున్నారు.

రాజధాని నుంచి వచ్చిన పెద్ద అధికారి ఫలకం అందించి, "ఇన్ని చిప్పులూ పనిచేస్తాయా?" అని అడిగాడు.

"ఎప్పుడూ పని చేయించలేదు సార్" అన్నాడు చక్రధరరావు వినయంగా. "అందుకే ఇంత భద్రంగా ఉన్నాయి."

పెద్ద అధికారి తల పంకించాడు. చూపించమన్నాడు. చక్రధరరావు ఫలకం పట్టుకోవడానికి అడ్డొచ్చిందని కంకణం అప్పటికే విప్పి పక్కన పెట్టాడు. కొత్త పాలిస్టరు సూటు వేసుకున్నాడు, రాష్ట్రస్థాయి సభ కదా. తివాచీ మీద బరబరా నడిచి, బీరువా తీసి, చిప్పుల పళ్ళెం మీదికి వేలు చాచాడు. వేలికీ చిప్పులకూ మధ్య నీలంగా ఒక మెరుపు మెరిసి, వెనక వరస దాకా వినబడేలా టప్పుమంది.

చిప్పుల్లో అంత శక్తి ఉందని ఎవరూ అనుకోలేదు. పెద్ద అధికారి ముందుగా చప్పట్లు కొట్టాడు. తరవాత అందరూ కొట్టారు. ఆ ఉత్సాహానికి పొంగిపోయి చక్రధరరావు మళ్ళీ అటూ ఇటూ నడిచి రెండో పళ్ళెం మీదికి వేలు చాచాడు.

వైజయంతి కుర్చీలోంచి సగం లేచింది.

సువార్తమ్మ ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగింది. "కూర్చో టీచరమ్మా" అంది చప్పట్ల మధ్య చెవి దగ్గర. "ఇప్పుడు నువ్వు నోరిప్పావంటే కమిటీ ఏస్తారు."